మెదక్ చర్చి కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్



మనం ఉండే సెంటినరీ కాలనీకి ఆ పేరు ఎందుకు వచ్చిందో అందరికీ తెలుసు. సింగరేణికి నూరేళ్ళు నిండిన గుర్తుగా వచ్చింది. మన తెలంగాణలోనే ఇంకొక దానికి 2024 డిసెంబరు 25న నూరేళ్ళు నిండాయి. అదే మెదక్ చర్చి. ప్రతి క్రిస్మస్‌కు మన కోల్ బెల్టు నుండి కూడా ఎంతోమంది అక్కడికి పోయి వస్తుంటారు. క్రైస్తవులే కాదు, హిందువులు, ముస్లింలు కూడా మొక్కులు చెల్లించుకుంటారు. చర్చిని చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు గాని దానిని కట్టించిన మనిషి ఎవరు, ఎందుకు కట్టించాడు అంటే చెప్పేవాళ్ళు తక్కువ. ఆయన పేరు చార్లెస్ వాకర్ పాస్నెట్. హాస్టల్లో ఉండి చదువుకునే మనకు ఆయన జీవితంతో ఒక సంబంధం ఉంది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మెథడిస్టులు అంటే ఎవరు?

పాస్నెట్ గురించి తెలియాలంటే ముందు ఆయన ఏ సంఘం నుండి వచ్చాడో తెలియాలి. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ వెస్లీ అనే బోధకుడు ఉండేవాడు. ఆ రోజుల్లో చర్చిలో కూర్చునేది ఎక్కువగా ఉన్నవాళ్ళు, మర్యాదస్తులు. బ్రిస్టల్ నగరం పక్కన కింగ్స్‌వుడ్ అనే చోట బొగ్గు గనులు ఉండేవి. అక్కడి కార్మికులను చర్చి ఎన్నడూ పట్టించుకోలేదు. 1739లో జార్జి వైట్‌ఫీల్డ్, ఆయన వెనుక వెస్లీ ఆ బొగ్గు కార్మికుల దగ్గరకే పోయి ఆరుబయట నిలబడి బోధించారు. 1748లో వెస్లీ అదే కింగ్స్‌వుడ్‌లో ఒక బడి కూడా పెట్టాడు. మెథడిస్టు ఉద్యమం పుట్టుకలోనే బొగ్గు గని కార్మికులు ఉన్నారన్న మాట. సింగరేణి బిడ్డలమైన మనకు ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

నిజాం రాజ్యానికి మెథడిస్టులు రెండు దిక్కుల నుండి వచ్చారు. అమెరికా నుండి వచ్చినవారు హైదరాబాదు, వికారాబాదు, జహీరాబాదు వైపు పని చేశారు. వారి సంఘాలు ఇప్పటికీ మెథడిస్టు చర్చి పేరుతోనే ఉన్నాయి. ఇంగ్లండు నుండి వచ్చినవారిని వెస్లియన్ మెథడిస్టులు అనేవారు. వీరు 1879 ప్రాంతంలో సికింద్రాబాదులో పని మొదలుపెట్టారు. విలియం బర్జెస్ అందులో ముఖ్యుడు. 1880లలో బెంజమిన్ ప్రాట్ మన కరీంనగర్‌కు వచ్చాడు. ఈ రెండో వరుసలోనివాడే పాస్నెట్.

సికింద్రాబాదు నుండి మెదక్‌కు

పాస్నెట్ 1895లో ఓడ దిగి సికింద్రాబాదు చేరాడు. అప్పటికి ఆయనకు సుమారు పాతికేళ్ళు. అంటే పీజీ చదివే మా వయసువాడే. మొదట ఆయనకు తిరుమలగిరిలో బ్రిటిషు సిపాయిలకు బోధించే పని ఇచ్చారు. తెల్లవారి మధ్య, కంటోన్మెంటులో, ఏ కష్టమూ లేని ఉద్యోగం. ఆ పని ఆయనకు తృప్తి ఇవ్వలేదు. పల్లెలకు పోవాలని పట్టుబట్టాడు. 1896లో మెదక్ చేరాడు.

అప్పటి మెదక్ అంటే ఒక పాత కోట, దాని కింద చిన్న ఊరు. రైలు లేదు, బస్సు లేదు. హైదరాబాదు నుండి గుర్రం మీద వస్తే నిండా రెండు రోజుల ప్రయాణం. ఆయన మొదట డాక్ బంగళాలో దిగాడు. అప్పటికి అక్కడ ఉన్న క్రైస్తవులు రెండు వందల మంది కూడా ఉండరు. వాళ్ళు ప్రార్థన చేసుకునేది మట్టి గోడలు, కిందికి వంగిన పెంకుల కప్పు ఉన్న ఒక చిన్న ఇంట్లో.

ఆ వచ్చే క్రైస్తవులు ఎవరు? దాదాపు అందరూ మాల, మాదిగ వాడలవాళ్ళు. నిజాం రాజ్యంలో వాళ్ళ బతుకు ఎలా ఉండేదో మన తాతలు చెప్పగా మనం విన్నదే. ఊరికి దూరంగా వాడ. దొర పిలిస్తే కూలి లేని వెట్టి. ఊరి బావిలో నీళ్ళు తోడుకోరాదు. గుళ్ళో కాలు పెట్టరాదు. బడి అనేది ఆ వాడ పిల్లవాడికి కలలో మాట. 1921 జనాభా లెక్కల నాటికి కూడా హైదరాబాదు రాజ్యంలో చదువు వచ్చినవాళ్ళు నూటికి ఐదుగురు లేరు. అందులో మనవాళ్ళ లెక్క ఎంత ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

పాస్నెట్ పోయింది ఆ వాడలకు. తెల్లవాళ్ళను కూడా అప్పుడు జనం దొర అనే పిలిచేవారు. ఊరి దొర ముందు చెప్పులు విడిచి దూరంగా నిలబడవలసిన మనుషుల గుడిసె ముందు ఈ దొర వచ్చి కూర్చున్నాడు. ఆ వాడలవాళ్ళకు బోధ అర్థం కావడానికి నెలలు పట్టి ఉంటుంది గాని, ఒక మనిషి వచ్చి తమ దగ్గర కూర్చోవడం మొదటి రోజే అర్థమై ఉంటుందని నా అభిప్రాయం.

బడి, బోర్డింగు, ఆసుపత్రి

ఒక్కొక్క మనిషిగా కాక వాడకు వాడ కలిసి క్రైస్తవంలోకి రావడం ఆ రోజుల్లో తెలుగు ప్రాంతమంతటా జరిగింది. ఒంటరిగా మారిన మనిషిని కులపెద్దలు వెలివేస్తారు. అందరూ కలిసి వస్తే వెలి ఉండదు. అందుకని పెద్దమనుషులు కూర్చొని మాట్లాడుకొని మొత్తం వాడగా నిర్ణయం తీసుకునేవారు. మెదక్ చుట్టుపక్కల కూడా ఇదే జరిగింది. రెండు వందల మంది ఉన్న సంఘం పాస్నెట్ కాలంలోనే వేలకు పెరిగింది.

ఇంత జనానికి ఇంగ్లండు నుండి వచ్చిన నలుగురైదుగురు దొరలు ఎలా సరిపోతారు? ఇక్కడే పాస్నెట్ ముందుచూపు కనిపిస్తుంది. ఈ వాడల నుండే కొందరు యువకులను తీసుకొని మెదక్‌లో ఉంచి చదువు చెప్పించి, మళ్ళీ పల్లెలకు బోధకులుగా పంపేవారు. వాళ్ళ భార్యలకు కూడా చదువు నేర్పేవారు. ఆ బోధకుడే ఊళ్ళో పంతులు. పగలంతా జనం చేలల్లో పనికి పోతారు కాబట్టి పొద్దుమూకినాక దీపం పెట్టి అక్షరాలు నేర్పేవాడు. పుస్తకం చదవలేని పెద్దవాళ్ళకు బైబిలు కథలు, కీర్తనలు నోటికి వచ్చేదాకా చెప్పించేవాడు. అన్నా, తమ్మీ! మాదిగవాడలో పుట్టిన మనిషిని పదిమంది పంతులు అని పిలవడం అప్పటివరకు ఎన్నడైనా జరిగిందా? అది చిన్న మార్పు కాదు.

ఆ తరువాత బోర్డింగు బడులు వచ్చాయి. పల్లెలో ఉంటే పిల్లవాడిని జీతానికో పశువుల వెంటకో పంపుతారు, చదువు సాగదు. అందుకని మిషను కాంపౌండులోనే ఉంచి, తిండి పెట్టి చదివించారు. ఆడపిల్లలకు కూడా బోర్డింగు ఉండేది. ఇల్లు విడిచి, ట్రంకు పెట్టెతో వచ్చి, వరుసలో కూర్చొని తిని, గంట కొడితే చదువుకు కూర్చునే మన బతుకుకు ఆ బోర్డింగు బడులు పెద్దన్నల వంటివి. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు స్వతంత్రం వచ్చాక ప్రభుత్వం పెట్టింది. అది రాజ్యాంగం మనకు ఇచ్చిన హక్కు. అయితే తిండి, నీడ ఇస్తే తప్ప పేదవాడి బిడ్డ బడిలో నిలవడని తెలంగాణ పల్లెల్లో ముందే చేసి చూపినవాళ్ళలో ఈ మిషను బోర్డింగులవాళ్ళు ఉన్నారు.

వైద్యం కూడా అంతే ముఖ్యం. పాస్నెట్ తోబుట్టువు ఎమిలీ పోస్నెట్ — తెలుగులో పాస్నెట్ అనే రాస్తున్నాము — తన తోటి సారా హారిస్‌తో కలిసి మెదక్‌లో మందుల సేవ మొదలుపెట్టింది. కలరా, మశూచి వస్తే ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యే కాలం అది. కాన్పు కష్టమైతే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయేవారు. అంటరాని ఆడదాన్ని ముట్టుకొని నాడి చూసే వైద్యుడు పల్లెలో ఉండేవాడు కాదు. ఆ ఇద్దరు స్త్రీలు దశాబ్దాల పాటు ఆ పని చేశారు. అదే వెస్లియన్ మిషనుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్ నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి పెట్టింది. ఆ ఆసుపత్రికి రాజా నర్సాగౌడ్ విరాళం ఇచ్చాడు. దాత హిందువు, డాక్టరు క్రైస్తవురాలు, రోగులు అన్ని మతాలవాళ్ళు.

కరువు కాలంలో గుడి

మెదక్‌లో పాస్నెట్ తాను ఉండటానికి ఒక బంగళా కట్టుకున్నాడు. దేవుణ్ణి కొలిచే చోటు తాను ఉండే ఇంటికన్నా గొప్పగా ఉండాలి గదా అన్న ఆలోచన ఆయనను వెంటాడింది. 1914లో పెద్ద చర్చి పని మొదలైంది. నమూనా తయారుచేసింది ఇంగ్లండులోని బోల్టన్‌కు చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అనే సంస్థ. దానిలో టి.ఇ. హార్డింగ్ అనే వాస్తుశిల్పి పేరు చెబుతారు.

ఆ పదేళ్ళు మామూలు పదేళ్ళు కావు. 1914లోనే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ధరలు పెరిగాయి. వానలు ముఖం చాటేశాయి. 1918లో ప్రపంచమంతటినీ చుట్టబెట్టిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలోనే కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. కరువులో అన్నం లేక జనం ఊళ్ళు విడిచిపోతున్నారు. ఊరికే గంజి పోస్తే కొన్నాళ్ళు బతుకుతారు. పాస్నెట్ పని చూపించి తిండి పెట్టే దారి ఎంచుకున్నాడు. ఇప్పుడు మనం పనికి ఆహారం అంటాం గదా, అదే పద్ధతి. మెదక్ చుట్టుపక్కల పల్లెల నుండి ఆడా మగా వచ్చి రాళ్ళు మోశారు, మట్టి తవ్వారు, సున్నం కలిపారు. క్రైస్తవులే రావాలని లేదు, ఆకలి ఉన్నవాళ్ళందరూ వచ్చారు.

ఇక్కడ ఒక మాట సరిచేయాలి. ఆ కరువులో మెతుకులు పెట్టారు కాబట్టి ఊరికి మెదక్ అని పేరు వచ్చిందని కొందరు అంటుంటారు. ఆ పేరు అంతకన్నా చాలా పాతది. వరి పండే ఆ సీమను, అక్కడి కోటను మెతుకు దుర్గం అని ముందునుండీ పిలిచేవారు. అయితే మెతుకు సీమలోనే మెతుకు లేని రోజులు వచ్చాయన్నది మాత్రం నిజం.

పదేళ్ళు పని నడిచి 1924 డిసెంబరు 25న చర్చిని ప్రతిష్ఠించారు. వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు. సుమారు 5,000 మంది కూర్చోవచ్చు. గోపురం దాదాపు 175 అడుగుల ఎత్తు. చార్మినార్ కన్నా ఎత్తు కట్టవద్దని నిజాం అన్నాడని జనం ఒక కథగా చెప్పుకుంటారు. చార్మినార్ ఎత్తు 184 అడుగులు కాబట్టి ఆ కథకు లెక్క కూడా కుదిరింది. స్తంభాలు మన ప్రాంతపు బూడిదరంగు రాయితో చెక్కినవి. నేల మీద పరచిన ఆరు రంగుల పలకలు ఇంగ్లండు నుండి తెచ్చినవి. అన్నిటికన్నా అందరినీ నిలబెట్టేవి రంగు అద్దాల కిటికీలు. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే చిత్రకారుడు గీసిన వాటిలో క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో పెట్టారు. వాటి రంగులు బయటి ఎండతోనే వెలుగుతాయి. ఎండ లేకపోతే లోపల ఎంత దీపం పెట్టినా బొమ్మ సరిగ్గా కనిపించదు.

రెండు ప్రశ్నలు

మహానుభావుల గురించి రాసేటప్పుడు పొగడ్తలే రాస్తే చదివేవాళ్ళకు ఉపయోగం లేదు. పాస్నెట్ గురించి కూడా ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న. గుడిసెల్లో బతికే జనానికి అంత పెద్ద రాతి చర్చి అవసరమా? ఆ డబ్బుతో ఇంకా నాలుగు బడులు పెట్టవచ్చు గదా? నేను కూడా మొదట అలాగే అనుకునేవాణ్ణి. తరువాత ఇంకో వైపు నుండి ఆలోచించాను. ఊరి గుడి మెట్టు కూడా తొక్కనివ్వని మనుషులు వాళ్ళు. వాళ్ళకు రాజ్యంలోనే అంత పెద్ద కట్టడంలో ముందు వరుసలో కూర్చునే చోటు దొరికింది. మాల, మాదిగ ఒకే గిన్నె నుండి ప్రభు భోజనం తీసుకునే చోటు దొరికింది. తలవంచుకొని నడవడం అలవాటైన మనిషి ఆ కప్పును చూడాలంటే తల ఎత్తాలి. అన్నానికి, బడికి లెక్క కట్టినట్టు దీనికి లెక్క కట్టలేము. అయినా ప్రశ్న మాత్రం ఉంటుంది, ఉండాలి.

రెండో ప్రశ్న ఇంకా కఠినమైనది. చర్చి కట్టించినవాడి పేరు మనకు తెలుసు. నమూనా గీసినవాడి పేరు, కిటికీ బొమ్మలు గీసినవాడి పేరు తెలుసు. పదేళ్ళు రాళ్ళు మోసినవాళ్ళలో ఒక్కరి పేరు చెప్పగలమా? చీకట్లో దీపం పెట్టి అక్షరాలు నేర్పిన పల్లె బోధకుల పేర్లు ఎవరికి గుర్తున్నాయి? అంతా దొర చేశాడు అని చెప్పుకోవడం మనకు అలవాటైంది. నిజానికి దొర ఒక్కడే ఊరూరా తిరగలేడు. సంఘం పెరిగింది మనవాళ్ళ కాళ్ళ మీద. అధికారం మాత్రం చాలాకాలం తెల్లవాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది. పైగా క్రైస్తవంలోకి వచ్చినా మాల సంఘం, మాదిగ సంఘం అన్న తేడాలు చాలా ఊళ్ళలో పోలేదు. ఈ మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి.

అదే కాలంలో హైదరాబాదు నగరంలో భాగ్యరెడ్డి వర్మ గారు మతం మారకుండానే, దళితులు ఈ నేలకు ఆదివాసులని చెప్పి, ఆది హిందూ ఉద్యమం నడిపి బడులు పెట్టారు. ఆయన దారి వేరు, పాస్నెట్ దారి వేరు. ఇద్దరూ మొదట చేసిన పని మాత్రం ఒక్కటే, మన పిల్లల చేతికి పలక ఇవ్వడం.

కోల్ బెల్టులో

పాస్నెట్ నలభై ఏళ్ళకు పైగా ఇక్కడే పనిచేశాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది. ఆంగ్లికన్, వెస్లియన్ మెథడిస్టు, మరికొన్ని సంఘాలు అందులో కలిశాయి. మెదక్ చర్చి అప్పటి నుండి సి.ఎస్.ఐ. మెదక్ అధ్యక్ష మండలానికి కేంద్రమైంది. మొదటి బిషప్ ఫ్రాంక్ విటేకర్. 1978లో దోర్నకల్ నుండి విడదీసి కరీంనగర్ అధ్యక్ష మండలం పెట్టారు. అందుకే మన తాతలు వెస్లియన్ సంఘం అంటే మనం సి.ఎస్.ఐ. అంటున్నాము. పేరు మారింది, వేరు అదే.

1960ల నుండి గోదావరిఖని వైపు బాయిలు తెరిచాక కరీంనగర్, మెదక్, వరంగల్ పల్లెల నుండి మనవాళ్ళు పనికి వచ్చారు. తట్టా బుట్టతో పాటు తమ ప్రార్థనను కూడా తెచ్చుకున్నారు. మొదట ఏదో ఒక క్వార్టరులో, షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు నలుగురు కూర్చొని పాడుకోవడం, తరువాత రేకుల షెడ్డు, తరువాత స్లాబు వేసిన చర్చి. మట్టి గోడల పెంకుటింటి నుండి రాతి చర్చి దాకా మెదక్ నడిచిన దారే ఇక్కడ చిన్నగా మళ్ళీ నడిచింది. పైగా ఇక్కడ దొర ఎవరూ లేరు. కార్మికులు జీతంలోంచి చందా వేసుకొని కట్టుకున్నవే ఎక్కువ.

1950

పాస్నెట్ 1950లో చనిపోయాడు. సరిగ్గా ఆ సంవత్సరమే షెడ్యూల్డు కులాల రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం మొదట హిందువులనే ఎస్సీలుగా గుర్తించారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి మారిన దళితులను చేర్చలేదు. మన రాష్ట్రంలో వారిని బీసీ-సిలో పెట్టారు. అక్కడ రిజర్వేషను ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఈ తేడా తీసేయమని సిఫారసు చేసింది. 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషనును నియమించారు.

ఇది మన హాస్టలుకు దూరపు విషయం కాదు. ఒకే వాడ నుండి, ఒకే వంశం నుండి వచ్చిన ఇద్దరు పిల్లలు ఒకే గదిలో పడుకుంటారు, ఒకే మెస్సులో తింటారు. సర్టిఫికెట్ మాత్రం వేరు. ఊళ్ళో అవమానం చేసేవాడు ఎవరి సర్టిఫికెట్టూ అడగడు. సీటు దగ్గర, ఉద్యోగం దగ్గర మాత్రం అడుగుతారు. పాస్నెట్ వచ్చిన వాడలకు పూర్తి న్యాయం ఇంకా రాలేదు అనడానికి ఇదే సాక్ష్యం. దీనిని చదివి, అర్థం చేసుకొని, చట్టప్రకారం మాట్లాడవలసినవాళ్ళం మనమే.

మనం నేర్చుకోవలసింది

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసినవాణ్ణి నేనే మొదట. మా తాత వేలిముద్ర వేసేవాడు. నాన్న సంతకం నేర్చుకున్నాడు. మూడో తరానికి నేను పీజీలో ఉన్నాను. మన హాస్టల్లో చాలామంది ఇళ్ళల్లో ఇదే కథ ఉంటుంది. ఈ కథ ఎక్కడో ఒక చోట మొదలై ఉంటుంది. కొందరికి మిషను బోర్డింగులో, కొందరికి భాగ్యరెడ్డి వర్మ గారి వంటివారి బడిలో, ఎక్కువమందికి అంబేడ్కర్ గారు రాసిన రాజ్యాంగం వల్ల వచ్చిన హాస్టల్లో.

పాస్నెట్ నుండి మతం తీసుకోవాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది. ఆయన నుండి అందరూ తీసుకోగలిగింది ఒకటి ఉంది. పాతికేళ్ళ వయసులో సుఖమైన ఉద్యోగం విడిచి, భాష తెలియని ఊరికి పోయి, ఒకే చోట నలభై ఏళ్ళు నిలబడి పనిచేశాడు. మనలో రేపు టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు, సింగరేణి ఉద్యోగులు అవుతారు. పట్నం పోతాం, స్థిరపడతాం. పోవద్దని అనను. సెలవులకు వచ్చినప్పుడు మన వాడలో పదో తరగతి తప్పిన తమ్ముడికి ఒక గంట లెక్కలు చెబితే, స్కాలర్‌షిప్పు ఫారం నింపడం రాని చెల్లెకు నింపి ఇస్తే, అదే మనం ఎక్కించే రాయి.

ఇంకో చిన్న పని కూడా చేద్దాం. ఈసారి ఇంటికి పోయినప్పుడు, మన ఇంట్లో మొదట అక్షరం నేర్చుకున్నది ఎవరు, వాళ్ళకు నేర్పింది ఎవరు అని పెద్దవాళ్ళను అడిగి ఆ పేర్లు నోటుబుక్కులో రాసుకుందాం. మెదక్‌లో రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు మనకు మిగలలేదు. వీళ్ళ పేర్లయినా మిగలాలి. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఆ పేర్లన్నీ అచ్చువేయాలని సంపాదక వర్గానికి నా మనవి.